రాగితో తీర్చిన బాకీ

పొద్దున వంటపని ఒక కొలిక్కి వచ్చాక పెరటి కుళాయి పక్కన పీట వేసుకుని కూర్చోవడం నాకు పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. ఒళ్ళో పాత గోనెపట్టా, ముందు ఒక ఇనప దిమ్మె, చేతిలో చిన్న సుత్తి. కాలిపోయిన మోటార్లలోంచి మా ఆయన ముందురోజు పీకిన రాగి చుట్టలు పక్కన కుప్పగా ఉండేవి. వాటికి అంటుకున్న మసీ, మాడిన వార్నిషూ సుత్తితో తట్టి రాల్చి, తీగ ఎర్రగా కనబడేదాకా తోమడం నా పని. చేతులు మణికట్ల దాకా నల్లబడేవి. ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ కింద నలుపు మాత్రం వదిలేది కాదు. నలుగురిలోకి వెళ్తే చేతులు కొంగులో దాచుకునేదాన్ని.

ఆ పనిలో ఒక్కటే కట్టుబాటు. ఏ చుట్టకైనా గుడ్డపీలిక కట్టి ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. పాత చుట్టలో తీగ ఎన్నిసార్లు తిరిగిందో లెక్క చూసుకుంటేగాని కొత్తది చుట్టడం కుదరదు. పీలిక ఉందంటే ఆ లెక్క ఇంకా కాలేదని. లెక్క అయ్యాక ఆయనే పీలిక విప్పి నా కుప్పలో పడేసేవాడు.

ఇప్పుడు నా చేతులు తెల్లగా ఉన్నాయి. ఆయన పోయాక కొన్నాళ్ళకి గోళ్ళ కింద నలుపు దానంతటదే పోయింది. పొద్దున్నే కాళ్ళు మాత్రం ఇంకా పెరటివైపే తీసుకెళ్తాయి. అక్కడేముంది? కుళాయి కారుతుంటుంది, దాని కింద బకెట్ పెట్టి వచ్చేస్తాను. ముందు గదిలో బల్ల కింద ఒక్క సంచి మిగిలింది. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయన పీకిన చివరి చుట్టలు అందులో ఉన్నాయి.

మా ఆయన మోటార్లు చుట్టేవాడు. నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు, పిండిమర మోటార్లు, ఎవరింట్లో ఏది కాలిపోయినా మా ముందు గదిలోకే వచ్చేది. పాత తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, ఆ చుట్టల్ని మోటారు కడుపులో గాడుల్లోకి ఒక్కొక్కటిగా దించి, పైన వార్నిష్ పోసి ఆరబెట్టేవాడు. ఇంట్లో కూరకి కూడా ఆ వార్నిష్ వాసనే. వీధిలో ఆయన్ని మోటార్లాయన అనేవారు. నన్నేమో మోటార్లావిడ అనేవారు, ఆ చుట్టేదేదో నేనే చుట్టినట్టు.

చుట్టే మిషన్ పిడి తిప్పుతూ నోటితో లెక్కపెట్టుకునేవాడు. లెక్కలో ఉండగా పలకరిస్తే తప్పిపోతుంది, మళ్ళీ మొదటినుంచీ చుట్టాలి. అందుకని నేను ఏదైనా చెప్పబోతే ఎడమచేతి చూపుడువేలు పైకెత్తేవాడు. ఆగు అని. ఆగేదాన్ని. చుట్ట పూర్తయ్యాక, "ఆఁ, ఏమన్నావు?" అనేవాడు. అప్పటికి నేను సగం మరిచిపోయేదాన్ని. మా ఇద్దరి మధ్యా పెద్ద గొడవలు కాకపోవడానికి ఆ వేలే కారణం. నా గొంతు లేవగానే వేలు లేచేది, వేలు దిగేసరికి నా కోపం సగం చల్లారేది.

"నాతో మాట్లాడకుండా తప్పించుకోవడానికే ఈ పని నేర్చుకున్నావా?" అని ఒకసారి అడిగాను.

"పని నేర్చుకున్నాకే కదా నువ్వొచ్చింది. ముందే వచ్చుంటే ఇంకా తొందరగా నేర్చుకునేవాణ్ణి" అన్నాడు.

అలాంటి మనిషి మంచం పట్టాక ఇంటి కాగితాలు ఒక ఫైనాన్సు కంపెనీలో పెట్టి లోను తీసుకున్నాం. వడ్డీ ఎంతని అడిగే ఓపిక అప్పుడు ఎవరికుంది? ఆయన దక్కలేదు, లోను మిగిలింది. మా అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది. దాని జీతం ఇంటి గుమ్మం తొక్కకుండానే వాయిదాకి వెళ్ళిపోతుంది. రెండు వాయిదాలు తప్పేసరికి కంపెనీవాళ్ళు ఇల్లు వేలం వేస్తామని నోటీసు పంపారు.

షాపుకి వచ్చే ఒకావిడ చెప్పిందట, బ్యాంకువాళ్ళు ఆ లోను తీర్చేసి తమ దగ్గరికి మార్చుకుంటారని, వడ్డీ తక్కువ కాబట్టి వాయిదా సగానికి దగ్గరగా దిగుతుందని. అమ్మాయి సెలవు పెట్టి నన్ను బ్యాంకుకి తీసుకెళ్ళింది. మొదటిసారి వెళ్ళినప్పుడు అంతా బాగానే ఉందన్నారు. రెండోసారి వెళ్తే, అక్కడి ఆఫీసరమ్మ కంప్యూటర్ వైపు చూస్తూ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. డాక్టర్లు అలా కళ్ళజోడు తీయడం నేను చూసి ఉన్నాను. 

"మీ ఇంటి మీద కోర్టు జప్తు ఉందమ్మా. మా లాయరుగారు వెతికితే బయటపడింది" అంది.

"జప్తేంటి మేడమ్? మాకేం తెలీదే" అంది అమ్మాయి.

నాకు తెలుసు. "అది తీగల కొట్టు పెద్దాయన వేసిన కేసు తల్లీ. ఎప్పుడో తీరిపోయింది" అన్నాను.

"తీరితే కోర్టులో తీరిందని రాయించాలి కదమ్మా. రికార్డులో బాకీ అలాగే ఉంది. వడ్డీ కూడా పెరుగుతూ వచ్చింది."

"మరి ఫైనాన్సువాళ్ళు ఇదేం అడగలేదు?"

"ఎక్కువ వడ్డీ తీసుకునేవాళ్ళు ఎక్కువ వెతకరమ్మా" అని ఆవిడ కొంచెం నవ్వింది. చెడ్డమనిషి కాదు. "ఆ బాకీ తీరినట్టు కోర్టు కాగితం తెండి. ఈ నెలాఖరులోపు తెస్తే మీ లోను ఇచ్చేస్తాను. దాటితే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా మీ ఫైనాన్సువాళ్ళు ఆగుతారో లేదో నేను చెప్పలేను."

బయటికి వచ్చాక అమ్మాయి నాకన్నా ముందు విసవిసా నడిచింది. బస్టాపు దగ్గర నిలబడి, "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా అమ్మా?" అంది.

"తీరిపోయిన బాకీ గురించి ఎవరైనా పిల్లలకి చెప్తారా?" అన్నాను.

బస్సులో చెప్పాను. అమ్మాయి బడికి వెళ్ళే రోజుల మాట. ఒక నూలు మిల్లులో మోటార్లన్నీ తిరిగి చుట్టే పని ఆయనకి వచ్చింది. అంత పెద్ద పని అదే మొదలు, అదే ఆఖరు. తీగల కొట్టు పెద్దాయన దగ్గర చుట్టలకు చుట్టలు కొత్త తీగ అప్పు మీద తెచ్చాడు. పని పూర్తయింది, మిల్లు మూతపడింది. డబ్బు రాలేదు. పెద్దాయనకి మొహం చూపించలేక, చిన్నాచితకా పనులకి కావలసిన తీగ ఇంకో కొట్లో డబ్బిచ్చి కొనుక్కున్నాడు. ఆ సంగతి ఎవరో పెద్దాయన చెవిలో ఊదారు. నా బాకీ ఎగ్గొట్టి పరాయి కొట్లో రొక్కం పోస్తాడా అని ఆయనకి ఒళ్ళుమండి కేసు వేశాడు.

నోటీసు ఇవ్వడానికి కోర్టు మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు మా ఆయన లెక్కలో ఉన్నాడు. అతనికీ వేలే చూపించాడు. పాపం ఆ మనిషి చుట్ట పూర్తయ్యేదాకా నిలబడి, సంతకం పెట్టించుకుని, వెళ్తూ వెళ్తూ, "మా జడ్జిగారికి కూడా ఇంత మర్యాద ఇవ్వలేదండీ నేను" అన్నాడు.

విచారణకి మాత్రం మా ఆయన వెళ్ళలేదు. నేను పోరుపెట్టాను. "పెద్దాయనకి ఎదురుగా బోనులో నిలబడితే, రేపు ఏ మొహం పెట్టుకుని ఆయన కొట్టు మెట్టెక్కి తీగ అడగను?" అన్నాడు. ఈయన వెళ్ళలేదు కనక తీర్పు పెద్దాయన వైపే వచ్చింది. బాకీ వడ్డీతో కట్టాలని, కట్టేదాకా ఇల్లు జప్తులో ఉంటుందని రాశారు.

అప్పుడు మొదలైంది రాగి మోయడం. మోటారులోంచి పీకిన పాత రాగి చుట్టేవాడికే చెందుతుంది. దాన్ని తీగల కొట్టులో తూకానికి ఇచ్చి, ఆ విలువకి కొత్త తీగ తెచ్చుకోవడం ఆ పనిలో ఉన్నవాళ్ళ పద్ధతి. ఈయన ఆ రాగినంతా బాకీ కింద పెద్దాయన త్రాసులో పోసి, ఉత్త సంచితో తిరిగొచ్చేవాడు. కొత్త తీగకి ఆ వారం కూలి డబ్బులు పెట్టేవాడు. మేము ఏం తిన్నామో అడగకండి. పెద్దాయన తూచేవాడు, తల ఊపేవాడు. మాటల్లేవు, కాగితం లేదు. అలా ఏళ్ళు గడిచాయి.

ఒకరోజు ఈయన భుజాన కొత్త తీగచుట్ట వేసుకుని, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

"పెద్దాయన అప్పిచ్చాడే!" అన్నాడు.

"అప్పిస్తే అంత సంబరమా? ఉన్నవి చాలవా?"

"పిచ్చిదానా, పాత బాకీ ఉన్నవాడికి కొత్త చుట్ట అప్పివ్వరు. ఇచ్చాడంటే పాతది చెల్లయిపోయినట్టే. మా పనిలో ఇంతకంటే పెద్ద రసీదు లేదు."

"మరి కోర్టు?"

"ఆ కాగితం సంగతి తను చూసుకుంటానన్నాడు."

ఆయన చూసుకోలేదు. ఈయన అడగలేదు. ఇచ్చిన మాట మళ్ళీ గుర్తుచేస్తే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాడు. చివరికి పెద్దాయన కూడా పోయాడు. ఆ రసీదు చుట్టేమో కొంచెం కొంచెంగా జనం మోటార్లలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాన్ని కోర్టుకి చూపించాలంటే ఎవరింటి మోటారు విప్పమంటారు?

మర్నాడు ఇద్దరం తీగల కొట్టుకి వెళ్ళాం. కొట్టు మారిపోయింది. ముందుభాగమంతా అద్దాలు, రంగురంగుల బల్బులు. తీగచుట్టలూ పాత త్రాసూ వెనక గదిలోకి పోయాయి. గల్లా దగ్గర పెద్దాయన కొడుకు కూర్చున్నాడు. అందరూ చిన్నాయన అంటారు గానీ జుట్టు సగం నెరిసింది.

"రండక్కా, కూర్చోండి. అన్నయ్య సంగతి విన్నాను. రావాలనుకున్నాను, ఈ కొట్టు వదిలి..." అని ఆగిపోయాడు.

వచ్చిన పని చెప్పాను. అతని మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. లాయరుకి ఫోన్ చేసి, పక్కకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

"నాకు ఆ కాగితం ఒకటుందనే తెలీదక్కా. మీరు చెప్పకపోతే అలాగే పడుండేది. ఇప్పుడు వడ్డీతో లెక్కేస్తే చాలా తేలుతోంది."

"మా నాన్న ఎప్పుడో కట్టేశాడు బాబాయ్" అంది అమ్మాయి.

"రసీదుందా అమ్మా?"

చుట్ట సంగతి నేను చెప్పాను. అతను మొహం తుడుచుకున్నాడు. నవ్వుదామనుకున్నాడో ఏమో, నవ్వు రాలేదు. "ఇది కోర్టులో చెప్తే జడ్జిగారు తనకీ ఒక చుట్ట అప్పు కావాలంటారక్కా. నేను నమ్ముతాను. నేనొక్కణ్ణే అయితే సంతకం పెట్టి పారేద్దును. మా అక్కలిద్దరున్నారు. నాన్న ఆస్తిలో ఇదీ ఒక భాగమేగా. రేపు వాళ్ళొచ్చి, అంత సొమ్ము ఎవరి మొహం చూసి వదిలేశావురా అంటే నేనేం చెప్పను?"

వెనక గదిలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఎవర్రా వచ్చింది?"

"మోటార్లాయన వాళ్ళమ్మా."

"కడిగిన రాగి అతనా?"

పెద్దాయన భార్య త్రాసు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఇంట్లో ఒంటరిగా ఉండలేక పొద్దున్నే కొడుకుతో పాటు వచ్చేస్తుందట. నేను లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మిగతావాళ్ళ సంచి విప్పితే గదంతా మసి" అంది ఆవిడ, అక్కడున్న అందరికీ వినబడేలా. "అతని సంచి విప్పితే కొత్త తీగలా ఉండేది. మీ నాన్న దానికీ కాల్చిన రాగి ధరే కట్టేవాడురా. శుభ్రమైన సరుక్కి మసి ధరేంటండీ అని నేనే అడిగాను. వేరే కొట్టుకి వెళ్ళినందుకు ఆ మాత్రం శిక్ష పడాలన్నాడు. ఆఖరికి ఆయనకే మనసొప్పక చుట్ట ఇచ్చి పంపాడు. చెల్లు అన్నాడు. నేను ఇక్కడే ఉన్నాను."

తర్వాత నావైపు తిరిగింది. "ఎవరమ్మా అంత బాగా తోమేది?"

"నేనే పెద్దమ్మా."

నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇంత తెల్లగా ఉన్నాయే!"

"ఇప్పుడు పని లేదు కదా పెద్దమ్మా."

ఆవిడ నా చేతులు వదల్లేదు.

"అమ్మా, ఇదంతా నువ్వు కోర్టులో చెప్పాలి. ఏ రోజు ఎంత తూగిందో అడుగుతారు" అన్నాడు చిన్నాయన గుమ్మంలోంచి.

"తేదీలు నాకేం తెలుసురా? రాగి తెలుసు."

"అదే వచ్చిన చిక్కు. వాయిదా మీద వాయిదా వేస్తారు. వీళ్ళకి ఉన్నది నెలాఖరు వరకే."

బేరం అక్కడ మొదలైంది. చిన్నాయన వడ్డీ మొత్తం వదిలేస్తానన్నాడు. అసలులో సగం అడిగాడు. వెనకనుంచి ఆవిడ, "సిగ్గులేదురా" అంది. మూడోవంతుకి దిగాడు. "మాట మీద కరెంటు బిల్లు కట్టలేను కదమ్మా. అక్కలకి ఏదో ఒకటి చేతిలో పెడితే వాళ్ళు కూడా సంతకం పెడతారు" అన్నాడు. తల వంచుకునే అన్నాడు. అసలులో మూడోవంతు మేమివ్వాలి, కోర్టు ఖర్చులూ మావే. అందరూ వచ్చి, బాకీ పూర్తిగా ముట్టిందని సంతకాలు పెడతారు.

నాకు వాదించే ఓపిక లేదు. ఆసుపత్రి వరండాల్లో దాన్నంతా వాడేశాను. సరేనన్నాను.

ఇంటికొచ్చాక అమ్మాయి చెప్పులు విసిరి పారేసింది. "తీరిన బాకీ మళ్ళీ తీరుస్తావా? నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

"నాన్న ఉంటే నీకు వేలు చూపించేవాడు" అన్నాను.

అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడవైపు తిరిగి పడుకుంది.

డబ్బెక్కణ్ణుంచి తేవాలి? ఇంట్లో విలువైనది చుట్టే మిషన్ ఒక్కటే. అవతలి వీధిలో ఇంకో మోటార్ల పనివాడు ఉన్నాడు. పొద్దున ఇచ్చిన మోటారు సాయంత్రానికి ఇచ్చేస్తాడు, వారానికి అది మళ్ళీ కాలుతుంది. మా ఆయన అతనికి తొందరాయన అని పేరు పెట్టాడు. అతను మా ఆయనకి నత్తాయన అని పేరు పెట్టాడు. కబురు చేస్తే ఆ సాయంత్రమే వచ్చాడు. ఆ పేరు ఊరికే రాలేదు.

"ఈ మిషన్ మీద నాకు ఎప్పటినుంచో కన్నుంది వదినా" అన్నాడు.

"మీ అన్నయ్యకీ తెలుసు. మీరు వీధిలో కనబడితే దాని మీద గుడ్డ కప్పేవాడు."

పెద్దగా నవ్వాడు. మిషన్ పిడి పట్టుకుని తిప్పాడు. రెండు చుట్లు తిప్పి ఆపేశాడు.

"ఇదేంటి, లెక్క చూపించే ముల్లు తిరగడం లేదు?"

"నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ తిరగదు."

"మరి లెక్క?"

"నోటితోనే."

అతను నావైపు వింతగా చూసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పక్క మూత విప్పాడు. లోపల చిన్న పళ్ళచక్రం ఒకటి జారి పక్కకి ఒరిగింది. దాన్ని సరిగ్గా కూర్చోబెట్టి మూత బిగించాడు. పిడి తిప్పితే ముల్లు టిక్కు టిక్కుమంటూ కదిలింది.

"ఇంతే వదినా. ఇంతోటి దానికి అన్నాళ్ళు నోరు అరగదీసుకున్నాడా? అన్నయ్యకి ఇది తెలీకపోవడమేంటి!"

ఎందుకు తెలీదు? ఊళ్ళో మోటార్లన్నీ బాగుచేసినవాడు. టీ పెడతానని లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కాసేపు నిలబడ్డాను. ఆ వేలు, ఆ లెక్క, ఆగమన్నప్పుడు నేను తిట్టుకున్న తిట్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. దొంగ మనిషి!

మిషను, ఆరబెట్టే డబ్బా, డ్రిల్లు, మిగిలిన తీగ అన్నిటికీ కలిపి తొందరాయన న్యాయమైన ధరే ఇచ్చాడు. బేరం ఆడలేదు. వెళ్ళేముందు బల్ల కింద సంచిని కాలితో కదిపి చూశాడు.

"ఇది కూడా ఇచ్చెయ్యండి వదినా. మసిదైనా పర్లేదు."

"అది ఇంకా తోమాలి" అన్నాను.

తక్కువపడిన డబ్బుకి అమ్మాయి షాపులో జీతం మీద అడ్వాన్సు తెచ్చింది.

కోర్టుకి వెళ్ళిన రోజు వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నెత్తిమీద ఫ్యాను కరకరలాడుతూ తిరుగుతోంది. బేరింగ్ పోయింది. ఆయనుంటే కూర్చోలేక, అది ఎవరిదో కనుక్కుని విప్పించి ఉండేవాడు. చిన్నాయన, అతని అక్కలు, వాళ్ళమ్మ అందరూ వచ్చారు. అక్కలు నావైపు చూడలేదు. వాళ్ళకి ఏం చెప్పి తీసుకొచ్చాడో నేను అడగలేదు.

మా పేర్లు పిలిచారు. లోపల పని, టీ కాగేంత సేపు కూడా పట్టలేదు.

"బాకీ పూర్తిగా ముట్టిందా?" అని జడ్జిగారు అడిగారు.

"ముట్టిందండీ" అన్నాడు చిన్నాయన.

"ఎప్పుడో ముట్టింది బాబూ" అంది వాళ్ళమ్మ.

లాయరు ఆవిడ చెవి దగ్గరకి వంగి, "పెద్దమ్మా, మీరు ఊరుకోండి" అన్నాడు.

జడ్జిగారు తలెత్తారు. "ఏమంటున్నారావిడ?"

"ముట్టిందనే అంటున్నారండీ" అన్నాడు లాయరు.

రాసేశారు. ఇంటి మీద జప్తు తీసేశారు. అన్నేళ్ళు రాగి మోసినా పడని ఆ ఒక్క మాట అంత తేలిగ్గా పడిపోయింది. సంతోషమో ఏడుపో తెలీలేదు. కూర్చోవాలనిపించింది, అంతే.

బయట మెట్ల మీద పెద్దావిడ నా భుజం పట్టుకుని దిగుతూ, "ఇంట్లో ఇంకేమైనా రాగి ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఒక్క సంచి ఉంది."

"తోమి పట్రా. ఈసారి శుభ్రమైన ధర కట్టిస్తాను. త్రాసు దగ్గర నేనే ఉంటాను."

బ్యాంకువాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఫైనాన్సు కంపెనీ లోను తీర్చేసి ఇంటి కాగితాలు వాళ్ళే తెప్పించుకున్నారు. ఆఫీసరమ్మ నా చేత సంతకాలు పెట్టిస్తూ, "ఇంక కాస్త ఊపిరి తీసుకోండమ్మా" అంది. ఇల్లు నిలబడింది. ఊపిరి సంగతి నాకు తెలీదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ముందు గది చాలా పెద్దదైపోయినట్టు ఉంది. మిషన్ ఉన్నచోట నేల మీద నాలుగు నూనె మరకలు. ఇంట్లో కూర వాసన కూర వాసనలాగే ఉంది.

మర్నాడు పొద్దున పనులు అయ్యాక గోనెపట్టా, దిమ్మె, సుత్తి తీసుకుని పెరట్లో పీట వేసుకున్నాను. సంచి తెచ్చుకున్నాను. అమ్మాయి షాపుకి తయారవుతూ, తడిజుట్టు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మంచి పని చేస్తున్నావమ్మా. మంచి ధర వస్తే నా అడ్వాన్సులో కొంచెమైనా తీరుతుంది" అంది.

సంచి మూతి విప్పి చెయ్యి పెట్టాను. మొదట చేతికి వచ్చిన చుట్టే గుడ్డపీలికది. నా పాత చీర అంచు చింపి కట్టిన పీలిక. ముడి మీద ముడి, ఆయన ముడి. ఆ మోటారు ఎవరిదో వాళ్ళు ఎప్పుడో తీసుకుపోయారు. అవతలి వీధిలో చుట్టించుకున్నారు, తిరుగుతూనే ఉండి ఉంటుంది. ఇక్కడ మాత్రం లెక్క ఇంకా కాలేదు. దాని కింద ఇంకో చుట్ట, దానికీ పీలికే. సంచిలో చెయ్యి పెట్టి తడిమాను. అన్నిటికీ ఉన్నాయి. తోమడానికి నాకు ఒక్కటీ వదల్లేదు.

అమ్మాయి లోపలికి వెళ్ళి, బ్యాగు భుజాన వేసుకుని మళ్ళీ వచ్చింది. సుత్తి చప్పుడు వినబడనందుకు కాబోలు, నావైపు వంగి చూసింది.

"ఏంటమ్మా, మొదలుపెట్టలేదా?"

నేను ఎడమచేతి చూపుడువేలు పైకెత్తాను.

అమ్మాయి నోరు తెరవబోయి ఆగిపోయింది. అలాగే నిలబడింది, షాపుకి ఆలస్యమవుతున్నా. నేను చుట్టలన్నీ ఉన్నవున్నట్టుగా సంచిలో పెట్టి, మూతి కట్టేసి, లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ బల్ల కిందికి నెట్టేశాను.